ఆర్. సి. షెరిఫ్: ఒక్క నాటకానికి కుదించరాని రచయిత

ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు నాటకరంగ చరిత్రలలో ఆర్. సి. షెరిఫ్‌కు సాధారణంగా ఒక పేరా దక్కుతుంది. మొదటి ప్రపంచయుద్ధపు కందకాల మీద ఆయన రాసిన ‘జర్నీస్ ఎండ్’ 1928లో రంగస్థలం ఎక్కిందనీ, అందులో అప్పటికి ఇంకా పేరు రాని లారెన్స్ ఒలివియే నటించాడనీ, లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ అది విశేషంగా ఆడిందనీ ఆ పేరా చెబుతుంది. చివర, ఆ తరువాత ఆయన హాలీవుడ్‌కు వెళ్ళి సినిమాలకు రాసుకున్నాడనే ధోరణిలో ఒక వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యం కింద దాదాపు నలభై ఏళ్ళ పని పూడిపోయింది. అందులో అరడజనుకు పైగా నవలలున్నాయి, నాటకాలున్నాయి, బ్రిటిష్ సినిమా చరిత్ర నుంచి తీసేయలేని స్క్రీన్‌ప్లేలున్నాయి.

ఈ అంచనా తప్పని నా నమ్మకం. షెరిఫ్ ఒక గొప్ప నాటకం రాసి, తరువాత డబ్బు కోసం సినిమాల్లో కరిగిపోయిన రచయిత కాడు. నాటకంలోనూ నవలలోనూ సినిమాలోనూ ఆయన చివరిదాకా ఒకే విషయాన్ని పట్టుకుని రాశాడు. పెద్ద ఆపద ఏదో దగ్గరపడుతున్నదని తెలిసి కూడా టీ కాచుకునే, వేళకు భోజనానికి కూర్చునే, రేపటి పని గురించి మాట్లాడుకునే మనుషులే ఆయన విషయం. ఆ దృష్టితో చదివితే, విడివిడిగా కనిపించే ఆ రచనలన్నీ ఒకే చేతి నుంచి వచ్చినవని తేలికగా తెలుస్తుంది. సినిమాల కోసం రాసినవాటిలోనే ఆ చేయి అన్నింటికన్నా స్థిరంగా ఉన్నదని కూడా నేనంటాను.

రాబర్ట్ సెడ్రిక్ షెరిఫ్ 1896 జూన్ 6న, థేమ్స్ ఒడ్డున ఉన్న హాంప్టన్ విక్‌లో పుట్టాడు. తండ్రి బీమా కంపెనీలో గుమాస్తా. కింగ్‌స్టన్ గ్రామర్ స్కూల్లో చదువు ముగించుకుని కొడుకూ అదే సన్ బీమా కంపెనీలో చేరాడు. 1914లో యుద్ధం మొదలైనప్పుడు ఆఫీసర్ హోదా కోసం వెళితే ఏ స్కూల్లో చదివావని అడిగారు. చెప్పిన పేరు వాళ్ళ దగ్గరున్న పబ్లిక్ స్కూళ్ళ జాబితాలో లేదు. పబ్లిక్ స్కూలంటే అక్కడ సంపన్నుల పిల్లలు చదివే ఖరీదైన ప్రైవేటు బడి. ఆయనను తిప్పి పంపేశారు. రెండేళ్ళు గడిచి, అలాంటి బళ్ళ నుంచి వచ్చిన యువకులు వేల సంఖ్యలో చనిపోయి ఆఫీసర్ల కొరత ఏర్పడ్డాక ఆయనకు ఈస్ట్ సర్రీ రెజిమెంట్ తొమ్మిదో బెటాలియన్‌లో చోటు దొరికింది. 1917లో పాషెండేల్ యుద్ధంలో గాయపడి ఇంటికి చేరాడు. యుద్ధం ముగిశాక మళ్ళీ అదే కంపెనీలో, ప్రమాదం జరిగిన చోటికి వెళ్ళి క్లెయిములు పరిశీలించే పనిలో కుదిరాడు.

ఈ ఉద్యోగాన్ని జీవితచరిత్రలోని ఒక చిన్న వివరంగా దాటేయడం సరికాదు. నిప్పంటుకున్న వంటింట్లో నిలబడి, ఏ వస్తువు ఎక్కడ ఉండేది, ఎంత విలువ చేసేది, ఇంటివాళ్ళు ఆ సాయంత్రం ఏం చేస్తూ ఉన్నారు అని ఓపికగా అడిగి రాసుకోవడం ఆ పని. విపత్తును అందులో పోయిన మామూలు వస్తువుల లెక్కలో చూడడం ఆయనకు అక్కడే అలవడి ఉండాలి. నాటకరచన కూడా అంతే నిరాడంబరంగా మొదలైంది. తాను పడవలు నడిపే కింగ్‌స్టన్ రోయింగ్ క్లబ్‌కు నిధులు సమకూర్చడానికి, క్లబ్ సభ్యులే నటించేలా ఏడాదికొక నాటకం రాసేవాడు.

‘జర్నీస్ ఎండ్’ కథ 1918 మార్చిలో, జర్మన్ సైన్యం పెద్ద ఎత్తున విరుచుకుపడడానికి ముందు మూడు రోజుల్లో, సెంట్ క్వెంటిన్ దగ్గర నేల తవ్వి కట్టిన ఒక ఆఫీసర్ల గదిలో జరుగుతుంది. దాడి వస్తుందని అందరికీ తెలుసు. రోజే తేలాలి. ఆ మూడు రోజులూ వాళ్ళేం చేస్తారో షెరిఫ్ ఎంత నిబ్బరంగా చూపించాడో చూడాలి. వంటవాడు మేసన్ వచ్చి, అనాస ముక్కలనుకుని తెచ్చిన డబ్బా తెరిస్తే ఆప్రికాట్లు వచ్చాయని ఎంతో విచారంగా చెబుతాడు. సూపులో మిరియాల పొడి లేదని ట్రాటర్ అనే ఆఫీసర్ అలుగుతాడు. ఇంకా ఇక్కడ గడపవలసిన ఆరు రోజులకు గంటకొకటి చొప్పున అతను కాగితం మీద 144 చిన్న సున్నాలు గీసుకుని, గడిచిన ప్రతి గంటకూ ఒక సున్నాను నల్లగా నింపుతూ ఉంటాడు. యుద్ధం గురించి రాసిన ఉపన్యాసాలెన్నో చదివాను కానీ, ఆ సున్నాలంత సూటిగా భయాన్ని చెప్పినది మరొకటి నాకు తెలియదు.

నాటకంలో అన్నింటికన్నా బలమైన చోటు కూడా ఇలాంటిదే. జర్మన్ కందకం నుంచి ఒక బందీని పట్టుకురావడానికి, నడివయసు బడిపంతులు ఆస్బోర్న్‌నూ, బడి దాటి వచ్చిన కుర్రాడు రాలీనీ పట్టపగలు దాడికి పంపాలని పైనుంచి ఆజ్ఞ వస్తుంది. బయలుదేరడానికి ముందు మిగిలిన ఆ కొద్ది నిమిషాలలో వాళ్ళిద్దరూ కాఫీ తాగుతూ, దాడి ఊసు ఎత్తకుండా, న్యూ ఫారెస్ట్ అడవిలోని నడక దారుల గురించి మాట్లాడుకుంటారు. ఆస్బోర్న్ తన పెళ్ళి ఉంగరాన్నీ గడియారాన్నీ బల్ల మీద పెట్టి వెళతాడు, తిరిగి రాడు. ఆయన చావు రంగస్థలం మీద జరగదు. దాడి ముగిశాక ఆయన మంచం మీద మరొకరు కూర్చోవడం మనం చూస్తాం, అంతే. ఈ నాటకానికి మొదట ‘సస్పెన్స్’ అనీ ‘వెయిటింగ్’ అనీ పేర్లు పెట్టాలనుకున్నానని షెరిఫ్ తరువాత చెప్పుకున్నాడు. ఆయన రచనాజీవితం మొత్తానికి ఆ రెండో పేరు పెట్టవచ్చు.

నాటకంలో ఒక్క స్త్రీ పాత్ర కూడా లేదనీ, జనం యుద్ధాన్ని మరిచిపోవాలనుకుంటున్నారనీ లండన్ థియేటర్ల యజమానులు దాన్ని తిరగగొట్టారు. చివరకు స్టేజ్ సొసైటీ అనే సంస్థ 1928 డిసెంబర్‌లో అపోలో థియేటర్లో రెండే రెండు ప్రదర్శనలు వేయించింది. దర్శకుడు జేమ్స్ వేల్, కథానాయకుడు కెప్టెన్ స్టాన్‌హోప్‌గా ఒలివియే. తరువాత మారిస్ బ్రౌన్ అనే నిర్మాత ముందుకొచ్చి 1929 జనవరిలో సవాయ్ థియేటర్లో మొదలుపెట్టాడు. అప్పటికి ఒలివియే వేరే నాటకానికి వెళ్ళిపోవడంతో ఆ పాత్ర కోలిన్ క్లైవ్‌కు వచ్చింది. బ్రౌన్‌కు పెట్టుబడి ఇచ్చింది ఇంగ్లండ్‌లోని డార్టింగ్‌టన్‌లో ఉండే దంపతులు లియొనార్డ్, డొరతీ ఎల్మ్‌హర్స్ట్‌లు. 1922లో రవీంద్రనాథ్ టాగూర్‌తో కలిసి గ్రామ పునర్నిర్మాణ కేంద్రం శ్రీనికేతన్‌ను నిలబెట్టినది ఈ లియొనార్డే. లండన్‌లో నాటకం దాదాపు 600 ప్రదర్శనలు ఆడింది.

బ్రౌన్ శాంతివాది. నాటకాన్ని చూసిన జనంలో చాలామంది దాన్ని యుద్ధవ్యతిరేక ప్రకటనగానే తీసుకున్నారు. షెరిఫ్ మాత్రం ఆ బిరుదును ఒప్పుకోలేదు. తాను ఏ సిద్ధాంతాన్నీ చాటడానికి రాయలేదనీ, తనకు తెలిసిన మనుషులను తెలిసినట్టుగా చూపించాననీ అన్నాడు. ఈ మాటను పిరికితనంగా చూసే విమర్శకులున్నారు. నాకది నిజాయితీగానే కనిపిస్తుంది. బందీని పట్టుకురావడానికి పగటి వేళనే ఎందుకు ఎంచుకున్నారంటే, పై అధికారుల భోజనవేళకు ముందే సమాచారం అందాలి కాబట్టి అని స్టాన్‌హోప్ చేదుగా అంటాడు. ఇలాంటి మాట రాసిన మనిషికి యుద్ధపు అర్థరాహిత్యం తెలియదని ఎలా అనగలం? తెలిసినదాన్ని పాత్రల నోట పెట్టి, తాను పక్కకు తప్పుకున్నాడు.

షెరిఫ్ మీద వచ్చే రెండో ఆరోపణ ఇంతకన్నా గట్టిది. ఆయన నాటకంలో ధైర్యం, సున్నితత్వం, లోలోపలి వేదన అన్నీ పబ్లిక్ స్కూలు నుంచి వచ్చిన ఆఫీసర్లవి. కింది స్థాయి నుంచి పైకి వచ్చిన ట్రాటరూ వంటవాడు మేసనూ ఎక్కువగా నవ్వు కోసం ఉంటారు. ఇది నిజమే, దీన్ని కప్పిపుచ్చి ఆయనను పొగడలేము. తనను గడప దగ్గరే తిప్పి పంపిన వర్గాన్ని ఆయన జీవితాంతం ఆరాధనతో చూశాడు. 1968లో ఆ తిరస్కారాన్ని గుర్తు చేసుకుంటూ రాసిన వ్యాసంలో కూడా చివరకు ఆ బళ్ళ కుర్రాళ్ళ నాయకత్వాన్నే మెచ్చుకున్నాడు. అయితే ఆ సున్నాలు గీసింది ట్రాటరే అన్నది నేను మరిచిపోలేను. తన వర్గాభిమానం ఎటు లాగినా, నాటకంలోని అత్యంత స్పష్టమైన భయాన్ని ఆయన ఆ లావుపాటి, మాటకారి ఆఫీసర్ చేతికే ఇచ్చాడు.

ఇంత విజయం తరువాత, 1930లో ఆయన రాసిన ‘బ్యాడ్జర్స్ గ్రీన్’ అనే పల్లెటూరి క్రికెట్ హాస్యనాటకం నిలబడలేదు. ఒక్క నాటకపు రచయిత అనే ముద్ర అప్పుడే పడింది. ఆ నిరుత్సాహం నుంచే ఆయన ఉత్తమ నవల వచ్చింది. బోగ్నర్ సముద్రతీరంలో కూర్చుని, ఎదుట నడిచి వెళ్ళే కుటుంబాలలో ఏదో ఒకదాన్ని ఊహలో ఇంటిదాకా వెంబడించి, ప్రచురణ ఆశ పెద్దగా లేకుండా రాసుకున్న ‘ది ఫోర్ట్‌నైట్ ఇన్ సెప్టెంబర్’ 1931లో అచ్చయింది. లండన్ శివారు డల్‌విచ్‌లో ఉండే గుమాస్తా స్టీవెన్స్, భార్య, ముగ్గురు పిల్లలు ఏటా వెళ్ళే చోటికే, ఏటా దిగే ఇంట్లోనే రెండు వారాల సెలవు గడిపి వస్తారు. కథంతా ఇంతే. క్లాపమ్ జంక్షన్‌లో రైలు మారడం ఎలాగో అని తల్లికి దిగులు. అలవాటైన బస ఇల్లు పాతబడిపోతున్నదని, ఇంటావిడ మిసెస్ హగ్గెట్ నెట్టుకురాలేక పోతున్నదని అందరికీ కనిపిస్తుంది, ఎవరూ పైకి అనరు. పెద్ద పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో చేరారు, వచ్చే ఏడు వాళ్ళు వస్తారో రారో తెలియదు. కందకంలో మూడు రోజులకు ఎంత బరువుందో, ఈ రెండు వారాలకు అంతే బరువుంది. గడువు ముగుస్తున్నదని తెలిసిన మనుషులు ఒక్కొక్క రోజునూ ఎంత జాగ్రత్తగా ఖర్చు పెట్టుకుంటారో చూడడమే రెండు చోట్లా కథ. యుద్ధం చూసిన మనిషి మాత్రమే సెలవు రోజుల గురించి ఇంత మమకారంతో రాయగలడని నాకు అనిపిస్తుంది. 2020లో కరోనా వేళ నోబెల్ రచయిత కజువో ఇషిగురో ఈ నవలను పాఠకులకు సూచించడంతో అది కొత్త తరానికి చేరింది.

ఆ నవల అచ్చయ్యాక షెరిఫ్ ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీలో చరిత్ర చదవడానికి చేరాడు. అప్పటికి వయసు ముప్పై అయిదు, బడిపంతులు కావాలని కోరిక. చదువు మధ్యలో జేమ్స్ వేల్ నుంచి పిలుపు వచ్చింది. ‘జర్నీస్ ఎండ్’ను సినిమాగా తీయడానికి అమెరికా వెళ్ళి, అక్కడ 1931లో కోలిన్ క్లైవ్‌తో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీసిన వేల్, ఇప్పుడు హెచ్. జి. వెల్స్ నవల ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ను తీయాలనుకుంటున్నాడు. అంతకు ముందు ఎందరో రచయితలు దాన్ని నవలతో సంబంధం లేని కథలుగా మార్చి రాసి పెట్టారు. షెరిఫ్ వాటన్నింటినీ పక్కన పెట్టి, మూల నవలనే చేతిలోకి తీసుకున్నాడు. 1933లో విడుదలైన ఆ సినిమా ఇప్పటికీ భయపెడుతుంది, నవ్విస్తుంది కూడా. ఆ రెండూ కలవడానికి కారణం అదృశ్యుడు కాడు, అతని చుట్టూ ఉన్న ఐపింగ్ ఊరి జనం. మంచు కురిసే రాత్రి సత్రంలో బీరు తాగుతూ, బాణాలాట ఆడుకుంటున్న మనుషుల మధ్యకు కట్లు కట్టుకున్న మొహంతో ఒకడు వచ్చి గది అడుగుతాడు. ఆ సత్రపు దైనందిన జీవితాన్ని అంత నమ్మకంగా నిలబెట్టాడు కాబట్టే, ఆ తరువాత జరిగే అసంభవాన్ని మనం నమ్ముతాం.

స్క్రీన్‌ప్లే రాయడం సృజనలో రెండో తరగతి పని అనే భావన విమర్శకులలో గట్టిగా ఉంది. పైగా షెరిఫ్ సినిమాలలో ఎక్కువ భాగం ఇతరుల నవలలకు చేసిన రూపాంతరాలే కాబట్టి ఆ చిన్నచూపు ఆయన విషయంలో రెట్టింపయింది. కానీ వేరొకరి నవలలో ఏది గుండెకాయో గుర్తించి, తక్కినదాన్ని వదిలేసి, దాన్ని మాటల్లో కన్నా చూపులో చెప్పగలగడం చిన్న విద్యా? జేమ్స్ హిల్టన్ నవల ఆధారంగా తీసిన ‘గుడ్‌బై, మిస్టర్ చిప్స్’ స్క్రీన్‌ప్లేకు క్లాడిన్ వెస్ట్, ఎరిక్ మాష్విట్జ్‌లతో పాటు ఆయనకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 1941 నాటి ‘దట్ హామిల్టన్ ఉమన్’ చర్చిల్‌కు ఎంతో ఇష్టమైన సినిమాగా ప్రసిద్ధి పొందింది, నాకు మాత్రం అందులో ప్రచారపు వాసన ఎక్కువ. 1947లో కేరల్ రీడ్ తీసిన ‘ఆడ్ మ్యాన్ అవుట్’ వాటికన్నా ఎంతో మెరుగైనది. ఉత్తర ఐర్లండ్ నగరంలో తుపాకీ గాయంతో రాత్రంతా దాక్కుంటూ తిరిగే మనిషి కథ అది. అతనికి తలుపు తీసిన ఒక్కొక్క ఇల్లూ తన మామూలు సాయంత్రాన్ని కాపాడుకోవాలా, ఇతన్ని కాపాడాలా అని తడబడుతుంది.

రెండో యుద్ధం మొదలైన సంవత్సరమే, 1939లో, ఆయన ‘ది హాప్‌కిన్స్ మాన్యుస్క్రిప్ట్’ నవల వెలువడింది. చంద్రుడు కక్ష్య తప్పి భూమి వైపు వస్తున్నాడు. ఈ సంగతి ముందుగా తెలిసిన కొద్దిమందిలో ఎడ్గర్ హాప్‌కిన్స్ ఒకడు. ఉద్యోగం మానుకుని హాంప్‌షైర్‌లోని ఒక పల్లెలో పోటీలకు కోళ్ళను పెంచుకునే ఈ అహంభావి, లోకాంతం కన్నా తన కోళ్ళకు రావలసిన బహుమతుల గురించే ఎక్కువ బాధపడతాడు. చంద్రుడు అట్లాంటిక్‌లో పడతాడు. ఆశ్చర్యంగా చాలామంది బతుకుతారు, పొలాలు దున్నుకుంటారు, ఒకరికొకరు ఆసరా అవుతారు. అసలు వినాశనం తరువాత వస్తుంది. పడిన చంద్రుడిలోని ఖనిజాల కోసం యూరప్ దేశాలు కొట్టుకుని సర్వనాశనమవుతాయి. చాలా కాలం తరువాత లండన్ శిథిలాలలో దొరికిన హాప్‌కిన్స్ రాతప్రతిని అబిస్సీనియా (ఇప్పటి ఇథియోపియా) పండితులు ముందుమాట రాసి అచ్చు వేస్తారు. ముస్సోలినీ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించి మూడేళ్ళే అయిన కాలంలో, పాశ్చాత్య నాగరికతను తవ్వి తీసి చదివే బాధ్యతను ఇథియోపియన్లకు అప్పగించిన రచయితను కేవలం పాతకాలపు అభిమాని అనడం ఎలా సాధ్యమో నాకు అర్థం కాదు.

ఇక ‘ది డ్యామ్ బస్టర్స్’. 1943 మే 16 రాత్రి 617వ స్క్వాడ్రన్‌కు చెందిన 19 లాంకాస్టర్ విమానాలు జర్మనీలోని రూర్ ప్రాంతపు ఆనకట్టలపై నీటి మీద ఎగిరెగిరి పడే బాంబులు వేశాయి. 8 విమానాలు తిరిగి రాలేదు, 53 మంది చనిపోయారు. పాల్ బ్రిక్‌హిల్ పుస్తకం ఆధారంగా షెరిఫ్ రాసి, మైకేల్ ఆండర్సన్ తీసిన ఈ సినిమా 1955లో వచ్చి బ్రిటన్‌లో ఆ ఏటి అతి పెద్ద విజయంగా నిలిచింది. దాని సంగీతం ఎందరికో తెలుసు. ఆ సంగీతం వల్లే అదొక విజయగీతమని పేరు పడింది. కానీ సినిమాను శ్రద్ధగా చూసినవారికి అది గుమాస్తా రాసిన యుద్ధకథ అని తెలిసిపోతుంది. మొదటి సగమంతా ఇంజనీరు బార్న్స్ వాలిస్ తన పెరట్లో నీళ్ళ తొట్టి మీదుగా గోలీలు విసరడం, ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరగడం, కమిటీలు కాదనడం. దాడికి ముందు సాయంత్రం సిబ్బంది గడ్డి మీద కూర్చుని, పడుకుని, తక్కువగా మాట్లాడుతూ గడుపుతారు. ఆస్బోర్నూ రాలీ కాఫీ తాగిన ఆ నిమిషాలను షెరిఫ్ ఇరవై ఏడేళ్ళ తరువాత విమానాశ్రయపు గడ్డి మీద మళ్ళీ రాశాడు. చివరకు విజయోత్సవం లేదు. తిరిగి రానివారి కోసం వడ్డించి ఉంచిన బల్లలను, వాళ్ళ ఖాళీ గదులను కెమెరా చూపిస్తుంది. ఇంత నష్టమని తెలిస్తే ఈ పని మొదలుపెట్టేవాడినే కాదని వాలిస్ కుమిలిపోతాడు. దాడికి నాయకత్వం వహించిన గిబ్సన్, చనిపోయినవారి ఇళ్ళకు ఉత్తరాలు రాయడానికి నడిచి వెళ్ళిపోతాడు.

ఈ సినిమాలో నన్ను బాధించే లోటు ఒకటుంది. ఆ వరదలో కింద చనిపోయినవారు వెయ్యికి పైగా ఉన్నారు. వారిలో చాలామంది జర్మన్లు కూడా కాదు, నాజీలు బలవంతంగా పట్టుకొచ్చి పనిచేయించిన సోవియట్ ప్రాంతపు కూలీలు. షెరిఫ్ కలం ఆ లోయలోకి దిగలేదు. తనకు తెలిసిన గదిలో ఉన్నవారిని ప్రాణంతో నిలబెట్టగలగడం ఆయన శక్తి, ఆ గది గోడలు దాటి చూడకపోవడం ఆయన పరిమితి. ఈ రెండింటినీ కలిపే ఆయనను చదవాలి.

యుద్ధానంతరం ఆయన నాటకరంగానికి తిరిగి వచ్చాడు. 1950లో రాల్ఫ్ రిచర్డ్‌సన్ నటించిన ‘హోమ్ ఎట్ సెవెన్’లో, రోజూ ఏడింటికి ఇల్లు చేరే బ్యాంకు గుమాస్తా ఒక సోమవారం అలాగే వస్తాడు. ఆ రోజు మంగళవారమనీ, ఇరవై నాలుగు గంటలుగా తాను కనిపించలేదనీ భార్య చెబుతుంది. క్రమం తప్పని మనిషికి ఆ క్రమంలోనే ఒక అగాధం తెరుచుకోవడం అనే ఊహ షెరిఫ్‌కు తప్ప మరొకరికి ఇంత సహజంగా రాదు. 1956లో రాయల్ కోర్ట్ థియేటర్ నుంచి ‘లుక్ బ్యాక్ ఇన్ ఆంగర్’ అనే నాటకంతో కోపోద్రిక్తమైన కొత్త తరం వచ్చేసరికి, మర్యాదగా మాట్లాడుకునే ఆయన పాత్రలు ఫ్యాషన్ కాకుండా పోయాయి. కోపం అరిస్తేనే నిజమైనదని ఆ రోజుల్లో అనుకున్నారు. 1968లో ఆయన ప్రచురించిన ఆత్మకథకు ‘నో లీడింగ్ లేడీ’ (కథానాయిక లేదు) అని, తన మొదటి నాటకాన్ని తిరగగొట్టినవారు చెప్పిన కారణాన్నే పేరుగా పెట్టాడు. 1975 నవంబర్‌లో చనిపోయాడు.

‘జర్నీస్ ఎండ్’ మళ్ళీ మళ్ళీ రంగస్థలానికి వస్తూనే ఉంది, 2017లో సినిమాగానూ వచ్చింది. పర్సెఫొనీ ప్రచురణాలయం పుణ్యమా అని నవలలు దొరుకుతున్నాయి. పట్టించుకోనిది ‘ది లాంగ్ సన్‌సెట్’. రోమన్ శిథిలాల తవ్వకాలపై ఎంతో ఆసక్తి ఉన్న షెరిఫ్ 1955లో ముద్రించిన నాటకం అది. రోమన్ సైన్యాలు బ్రిటన్‌ను వదిలి వెళ్ళిపోతున్నాయి. తరతరాలుగా అక్కడ సేద్యం చేసుకుంటున్న ఒక రోమన్ కుటుంబం, రక్షణ ఇక రాదని తెలిసి, తమ ఇంట్లోనే ఉండిపోయి రేపటి ఏర్పాట్లు చూసుకుంటుంది. తమ చుట్టూ ఉన్న వ్యవస్థ కూలిపోతున్నదని తెలిసిన మనుషుల గురించి ఈ రోజుల్లో ఇంత శాంతంగా, ఇంత భయంకరంగా మాట్లాడగల నాటకం ఎవరైనా వేయదలచుకుంటే, కొత్తగా రాయించుకోవలసిన పని లేదు.